బండి వదిలి పోయాడట!

పని అడగబోయిన కొత్త డ్రైవరుని లారీ ఓనరు అడిగే మొదటి ప్రశ్న "బండి నడపడం వచ్చా?" అని కాదు. "ఇంతకుముందు ఎవరి బండి మీద చేశావు? ఎందుకు మానేశావు?" అని. కుర్రాడు నోరు తెరిచేలోపే ఓనరు ఫోను తీస్తాడు. అవతలి ఓనరు ఒక్క మాట అంటాడు: "వాడా! నడిదారిలో బండి వదిలి పోయాడు." అయిపోయింది. ఆ మాటకు తేదీ లేదు, సాక్షి లేదు, సంతకం లేదు. అయినా అది కోర్టు తీర్పు కంటే గట్టిది. తీర్పు మీద పై కోర్టుకు పోవచ్చు. ఈ మాట మీద ఎక్కడికి పోతాం?

ఎందుకు వదిలి పోయాడని ఎవరూ అడగరు. రెండు రాత్రులు కునుకు లేకుండా నడిపి వస్తే మూడో రాత్రి కూడా లోడెక్కించమన్నందుకు వదిలాడా? మూడు ట్రిప్పుల బత్తా ఎగ్గొడితే వదిలాడా? బ్రేకులు సరిగా పట్టడం లేదని చెప్పినా "ఈ ఒక్క ట్రిప్పూ కొట్టుకురా" అంటే ప్రాణభయంతో దిగిపోయాడా? ఇంటికాడ తల్లి మంచాన పడితే సెలవివ్వలేదని బస్సెక్కాడా? ఇవన్నీ ఓనరు నోట్లో పడేసరికి ఒకటే మాటవుతాయి. దానికి తోడు ఇంకో రెండు మాటలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి: డీజిల్ దొంగ, తాగుబోతు. ఈ మూడు ముద్రల్లో ఏదో ఒకటి పడ్డాక మిర్యాలగూడ రైసు మిల్లుల కాడికి పోయినా, తాండూరు నాపరాళ్ల కాడికి పోయినా, విజయవాడ ఆటోనగర్‌లో నిలబడినా ఒకటే జవాబు: "ఇప్పుడు ఖాళీ లేదు." ఒకప్పుడు ఈ కబురు ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల్లో టీ తాగుతూ పాకేది. ఇప్పుడు ఫోటోతో సహా ఫోన్లలో పాకుతున్నది. ఆ గ్రూపుల్లో ఓనర్లు ఉంటారు, బ్రోకర్లు ఉంటారు. డ్రైవరు ఉండడు. తన మీద ఏం రాశారో తనకే తెలియదు.

ఈ దెబ్బ అందరికీ తగులుతుంది గానీ కొత్తవాడికి తగిలినట్టు ఇంకెవరికీ తగలదు. ఇరవై ఏళ్లు బండి నడిపినవాడి వెనక పది మంది ఓనర్లుంటారు. ఒకడు చెడ్డ చెబితే ఇంకొకడు మంచి చెబుతాడు. కొత్తగా స్టీరింగు పట్టినవాడి వెనక ఒక్క ఓనరే ఉంటాడు. ఆ ఒక్కడు చెప్పిందే వాడి చరిత్ర మొత్తం.

ఆ స్టీరింగు దాకా రావడానికి ఎంత పడ్డాడో కూడా లెక్క పెట్టాలి గదా. చట్టం ప్రకారం ఇరవై ఏళ్లు నిండితే గాని ట్రాన్స్‌పోర్టు బండి నడపకూడదు. అంతకుముందు లైట్ వెహికల్ లైసెన్సు తీసుకుని ఏడాది గడవాలి. 2019 దాకా ఎనిమిదో తరగతి పాసై ఉండాలనే నిబంధన కూడా ఉండేది. మన పిల్లల్ని బడి మానిపించి గొడ్ల కాడికి తోలిన సమాజమే ఆ తర్వాత బడి కాగితం అడిగింది! ఇదంతా కాగితం మీది లెక్క. అసలు లెక్క వేరే ఉంది. క్లీనరుగా ఏళ్ల తరబడి పట్టా కప్పి, తాళ్లు బిగించి, టైర్లు మార్చి, బండి కిందే పడుకుని, డ్రైవరుకి స్నానానికి నీళ్లు మోసి నేర్చుకుంటాడు. నిన్నటి పాలేరు కొడుకు ఇవాళ్టి క్లీనరు. వాడు డ్రైవరయ్యాడంటే ఒక తరం దాటినట్టు. అట్లాంటివాణ్ణి ఒక్క ఫోను మాటతో మళ్లీ కూలికి తోలుతున్నారు.

ఇక అడ్వాన్సు సంగతి. పనిలో చేరేటప్పుడు ఓనరు పదో పాతికో వేలు చేతిలో పెడతాడు. పెళ్లికో, ఆసుపత్రికో మనవాడు తీసుకుంటాడు. బదులుగా లైసెన్సు కార్డు ఓనరు బీరువాలోకి పోతుంది. బాకీ తీరేదాకా ఇంకొకరి బండి ఎక్కకూడదు. ఎక్కితే "బాకీ ఎగ్గొట్టి పోయాడు" అని కబురు. ఇది లారీ లైన్లో మామూలే అంటారు. మామూలు కాదు. వెట్టి చాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. అడ్వాన్సు ఇచ్చి, దానికి బదులుగా మనిషి ఇంకోచోట పని చేసుకునే స్వేచ్ఛను లాక్కోవడం కూడా వెట్టే అని ఆ చట్టంలో రాసి ఉంది. ఊరికే పని చేయించుకోవడం ఒక్కటే వెట్టి అనుకుంటున్నాం. పశువుల కొట్టంలో కట్టేసినా, బీరువాలో లైసెన్సు పెట్టి తాళం వేసినా చట్టం దృష్టిలో తేడా లేదు. మూడేళ్ల దాకా జైలుశిక్ష ఉంది. ఫిర్యాదు తీసుకుని విడిపించవలసిన బాధ్యత జిల్లా కలెక్టరుది. ఎంతమంది కలెక్టర్లు లారీ ఆఫీసు గుమ్మం తొక్కారు?

చిన్న ఓనర్ల మాట కూడా చెప్పుకుందాం. ఒకటీ రెండు బండ్లున్నవాడు ఫైనాన్సు కిస్తీల కింద నలుగుతున్నాడు, నిజమే. డీజిలు ధర, టోలు, దారి పొడుగునా మామూళ్లు, కిరాయి దగ్గర బ్రోకరు కోత. ఇవన్నీ ఉన్నాయి. కానీ ఆ నలుగుడంతా తెచ్చి డ్రైవరు నెత్తిన దించుతున్నాడు. మోటారు ట్రాన్స్‌పోర్టు కార్మికుల చట్టం 1961లో వచ్చింది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలని అందులో రాశారు. అయితే ఐదుగురికి తక్కువ పనివాళ్లున్న చోటికి అది మామూలుగా వర్తించలేదు. అంటే చిన్న ఓనర్ల కింద బతికిన డ్రైవర్లకు ఆ చట్టం ఉన్నా లేనట్టే గడిచిపోయింది. హాజరు పుస్తకం లేదు, జీతం చీటీ లేదు, పని చేశాడని రుజువు లేదు. చేసిన మంచి పనికి కాగితం లేనివాడి మీద చెడ్డ మాట ఒక్కటే మిగులుతుంది.

కులం ఎక్కడ వచ్చిందిందులో అని అడిగేవాళ్లున్నారు. ఓనరు అడిగే మూడో ప్రశ్న వినండి: "మీది ఏ ఊరు? ఊళ్లో ఎటువైపు?" ఎటువైపు అంటే ఏమిటో మనకు తెలుసు. బండి ఒకడు వదిలి పోతే వాడొక్కడే వదిలినట్టు లెక్క. మనవాడు వదిలి పోతే "వీళ్లింతే" అని వాడకు వాడనే లెక్క కడతారు. ఆ వాడ నుంచి వచ్చే రేపటి కుర్రాడికి పనిలో చేరకముందే రికార్డు తయారై ఉంటుంది. ఈ విద్య దేశానికి కొత్తది కాదు. 1871లో తెల్లదొరలు నేరస్త జాతుల చట్టం చేసి, పుట్టిన బిడ్డ ఏ కులమో చూసి నేరగాడని రాసుకున్నారు. మన దగ్గర ఎరుకల వాళ్లను తెచ్చి స్టూవర్టుపురంలో పెట్టారు. 1952లో ఆ చట్టం పోయింది. ఊరి పేరు చెప్పగానే ఎగాదిగా చూసే చూపు మాత్రం పోలేదు.

తాగి నడిపినవాణ్ణి, మనిషిని గుద్ది చంపినవాణ్ణి వెనకేసుకు రమ్మని మనం అనడం లేదు. రోడ్డు పక్కన నడిచిపోతూ లారీ కింద పడేది కూడా ఎక్కువగా మన కూలి జనమే. తప్పు చేస్తే విచారించండి, రుజువు చేయండి, శిక్షించండి. దానికి మోటారు వాహనాల చట్టం ఉంది. 1988 నాటి ఆ చట్టంలో 19వ సెక్షన్ కింద లైసెన్సు రద్దు చేయాలంటే ముందు డ్రైవరు మాట వినాలి. ఆర్డరు మీద 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. 25వ సెక్షన్ ఇంకా చిత్రమైంది, మన డ్రైవర్లలో ఎంతమందికి తెలుసో! లైసెన్సు మీద శిక్ష తాలూకు రాత పడినా, ఆ తర్వాత మూడేళ్లు వరసగా ఇంకో రాత పడకపోతే, ఫీజు కట్టి మచ్చ లేని కొత్త లైసెన్సు అడిగే హక్కు డ్రైవరుకుంది. స్పీడు కేసు ఒక్కటే అయితే ఏడాది చాలు. లైసెన్సు నిలిపివేసిన కాలం మాత్రం లెక్కలోకి రాదు. నేరం రుజువై శిక్ష పడినవాడికే మూడేళ్లకు మచ్చ పోతుందని చట్టం అంటుంటే, ఏ నేరమూ రుజువు కాని కుర్రాడి మీద ఓనరు వేసిన మచ్చ ఎన్నేళ్లకు పోవాలి?

చట్టం కూడా రానురాను ఓనరు వైపే ఒరుగుతున్నది. 2019 సవరణలో, పోలీసులు పంపిన లైసెన్సును రెండోసారి తప్పుకు రద్దు చేస్తే ఆ డ్రైవరు పేరు జనం ముందు పెట్టవచ్చని రాశారు. మంచిది, పెట్టండి. జీతాలెగ్గొట్టిన ఓనర్ల పేర్లు ఏ గోడ మీద పెడతారు? 2016లో సుప్రీంకోర్టు ఎఫ్ఐఆర్‌లను 24 గంటల్లో వెబ్‌సైట్లో ఉంచమంది. ముద్దాయికి తన మీద ఏం రాశారో తెలియాలని చేసిన మేలు అది. కానీ ఆ కాగితాన్ని పని ఇచ్చేవాడూ చూస్తాడు. కేసు పెట్టినట్టు చూస్తాడు, కొట్టేసినట్టు చూడడు.

"పారిపోయాడు" అన్న మాట ప్రమాదాల్లోనూ ఉంది. గుద్దిన డ్రైవరు ఆగి, దెబ్బ తగిలినవాణ్ణి ఆసుపత్రికి చేర్చాలని 134వ సెక్షన్ చెబుతుంది. జనం ఆగ్రహం వల్ల అది కుదరని పరిస్థితిని కూడా అదే సెక్షన్ గుర్తించింది. అప్పుడు దగ్గరి పోలీసు స్టేషనుకు పోయి, ఎంత ఆలస్యమైనా 24 గంటల్లోపు చెప్పాలి. కొత్త శిక్షాస్మృతి 106(2) సెక్షన్‌లో చెప్పకుండా పోయినవాడికి పదేళ్ల దాకా జైలని రాస్తే 2024 జనవరి మొదట్లో దేశమంతా లారీలు ఆగాయి. పెట్రోలు బంకుల ముందు బారులు తీరాయి. ఆ సంవత్సరం జులై 1న మిగతా చట్టం అమల్లోకి తెచ్చి ఆ ఒక్క ముక్కను పక్కన పెట్టారు. బండ్లాపిన డ్రైవర్ల బలం అది. కానీ ఆ సమ్మె మాటల్లో జీతం బాకీలు, బీరువాలో లైసెన్సులు వినబడలేదు. చర్చలకు కూర్చున్నది ట్రాన్స్‌పోర్టర్ల సంఘం గదా!

ఇక్కడ పని దొరకని కుర్రాడు గల్ఫు వైపు చూస్తాడు. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల పల్లెల నుంచి, కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఎంతమంది డ్రైవరు వీసాల మీద పోయారో మనకు తెలుసు. అక్కడా ఇదే మాట వాళ్ల కోసం కాచుకుని ఉంటుంది. సౌదీలో దాని పేరు హురూబ్. అంటే పారిపోయినవాడని అర్థం. జీతమడిగినా, కొట్టాడని చెప్పినా కఫీలు కంప్యూటరులో ఒక ఎంట్రీ కొడితే చాలు. ఇకామా పనికిరాకుండా పోతుంది. ఇంకోచోట పనిలో పెట్టుకోరు. పట్టుబడితే నిర్బంధం, దేశం నుంచి పంపేయడం, మళ్లీ రాకుండా నిషేధం. పారిపోయినవాడూ పారిపోనివాడూ ఆ ఎంట్రీకి ఒకటే. 2021 మార్చిలో సౌదీ ప్రభుత్వం యజమాని అనుమతి లేకుండా పని మారే వీలు కొంత ఇచ్చింది. ఇళ్లలో కారు నడిపే డ్రైవర్లకు మాత్రం అందులో చోటివ్వలేదు. పనిమనుషులు, గొర్రెల కాపర్లు, తోటమాలీలు కూడా బయటే. ఎవరికి అవసరమో వాళ్లనే వదిలేశారు.

అమెరికాలో అయితే ఇదంతా అచ్చులోనే ఉంది. ట్రక్కు కంపెనీలు మానేసిన డ్రైవరు గురించి రిపోర్టు ఇస్తాయి. ఒక ప్రైవేటు కంపెనీ దాన్ని దాచి, కొత్తగా పనిలో పెట్టుకునేవాళ్లకు అమ్ముతుంది. డ్రైవర్లు దాన్ని డాక్ రిపోర్టు అంటారు. అక్కడా కొత్తవాడే బలి. కంపెనీ ఖర్చుతో ట్రైనింగు తీసుకుని, ఒప్పందం ఏడాది నిండకముందే మానితే "ఒప్పందం పూర్తి చేయలేదు", "ట్రక్కు వదిలేశాడు" అని రాసేస్తారు. ఎక్కడికక్కడ ఓనర్లకు ఒకటే నిఘంటువు ఉన్నట్టుంది! కానీ అక్కడ ఒక తేడా ఉంది. కొత్త కంపెనీ గత మూడేళ్ల యజమానులను విచారించాలని నిబంధన పెట్టినప్పుడే, వాళ్లు రాసింది చూసుకునే హక్కు, తప్పుంటే దిద్దమనే హక్కు, దిద్దకపోతే తన జవాబును ఆ కాగితానికే జతపరిచే హక్కు డ్రైవరుకిచ్చారు. అమలులో ఎన్ని లోపాలైనా ఉండనీ, జవాబు చెప్పుకునే జాగా అంటూ ఒకటుంది. మనకు అదీ లేదు, ఎందుకంటే మన మీద రాసింది కాగితం మీద లేదు.

కాగితం మీద లేకపోయినా దానికి పేరుంది. పని ఇవ్వకుండా, వ్యవహారం పెట్టుకోకుండా నలుగురూ ఒక మాట మీద నిలబడడాన్ని మనం బహిష్కరణ అంటాం. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని నరికి చంపారు. దానికి ముందు నడిచింది సాంఘిక బహిష్కరణే, పొలం పనులకు పిలవడం మానడమే. బహిష్కరణను నేరంగా రాయాలని బాబాసాహెబ్ 1947లోనే 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో కోరాడు. అది అత్యాచారాల నిరోధక చట్టంలోకి స్పష్టంగా ఎక్కడానికి 2016 జనవరి 26 దాకా పట్టింది. ఎస్సీ, ఎస్టీ మనిషిని ఆర్థికంగా బహిష్కరించడం, బహిష్కరిస్తామని బెదిరించడం ఇప్పుడు నేరం. వ్యవహారం మానుకోవడం, కాంట్రాక్టు అవకాశాలు అందనీయకపోవడం, మామూలుగా అందరితో నడిచే షరతుల మీద నడవనివ్వకపోవడం ఆర్థిక బహిష్కరణ అని చట్టమే అర్థం చెప్పింది. అబద్ధపు కేసు పెట్టడం, అధికారికి అబద్ధపు సమాచారమిచ్చి హాని చేయించడం కూడా అదే చట్టంలో నేరాలు. జీతమడిగినవాడి మీద డీజిల్ దొంగతనం ఫిర్యాదు ఇచ్చే ఓనర్లు ఇది చదివించుకుంటే మంచిది.

అయితే ఒక హెచ్చరిక. "ఖాళీ లేదు" అన్న ప్రతి ఓనరు మీదా అట్రాసిటీ కేసు పెడతామంటే నిలబడదు. ఒకరికొకరు చెప్పుకుని ఆపుతున్నారని చూపించాలి. అంటే ఆ ఫోను మెసేజి, ఆ గొంతు రికార్డు, ఆ మాట విన్న ఇంకో డ్రైవరు కావాలి. ఆవేశంతో స్టేషనుకు పోయి, రుజువు లేక వెనక్కి వస్తే వాళ్లకింకో మాట దొరుకుతుంది: "కేసులు పెట్టే రకం."

కాబట్టి మన కాగితాలు మనమే తయారు చేసుకోవాలి. తమ్ముళ్లూ, లైసెన్సు కార్డు ఎవరి చేతికీ తాకట్టు ఇవ్వకండి. ఫోనులో డిజిలాకర్లో ఉన్న లైసెన్సు కూడా 2018 నుంచి చెల్లుతుంది. కార్డు బీరువాలో ఉన్నా మీ లైసెన్సు మీ జేబులో ఉండేట్టు చూసుకోండి. ప్రతి ట్రిప్పు చీటీని ఫోటో తీయండి: బండి నంబరు, లోడు, తేదీ, ఊరు. జీతం, బత్తా చేతికి కాకుండా ఫోనులో వేయమనండి. మానేయవలసి వస్తే బండి ఎక్కడ పెట్టారో, తాళం ఎవరికిచ్చారో ఫోటో తీసి, ఎందుకు మానుతున్నారో రెండు ముక్కలు మెసేజి పెట్టండి. రేపు "వదిలి పోయాడు" అన్నప్పుడు ఆ రెండు ముక్కలే మీ సాక్షి.

2025 నవంబరు 21 నుంచి కేంద్రం నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి తెచ్చింది. వాటిలో కార్మికుడికి చేటు చేసేవి చాలా ఉన్నాయి, అది ఇంకోసారి రాద్దాం. కానీ డ్రైవరు పట్టుకోదగ్గ కొసలు రెండు మూడున్నాయి. నియామక పత్రం ఇవ్వాలి. మానేసినా, తీసేసినా రెండు పనిదినాల్లో జీతం లెక్క తేల్చాలి. సరుకు పోయిందని కోత పెట్టాలంటే ముందు డ్రైవరు సంజాయిషీ వినాలి. బాకీ జీతానికి మూడేళ్ల దాకా దావా వేసుకోవచ్చు. వకీలు ఖర్చుకు భయపడనక్కర్లేదు, ఎస్సీ ఎస్టీలకు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఉచితంగా వకీలునిస్తారు. గల్ఫు పోయేవాళ్లు ఏజెంటు రిజిస్టరైనవాడా కాదా ఇ-మైగ్రేట్‌లో చూసుకోండి. కాంట్రాక్టు నకలు ఇంట్లో పెట్టి పోండి. హురూబ్ పడిందని తెలిసిన రోజే ఇంటివాళ్లు మదద్ పోర్టల్లో ఫిర్యాదు ఎక్కించాలి. ఆలస్యమయ్యేకొద్దీ ముడి బిగుస్తుంది.

సంఘం కార్యకర్తలకు ఒక పని. ఈ పక్షం రోజుల్లో మీ మండలంలోని వాడవాడా తిరిగి డ్రైవర్లు, క్లీనర్ల లెక్క తీయండి. ఎవరి లైసెన్సు ఎవరి బీరువాలో ఉంది, అడ్వాన్సు ఎంత, ఏ ఏడాదిది, జీతం బాకీ ఎన్ని నెలలు, పని ఇవ్వనన్న ఓనరు ఏ మాట అన్నాడు, ఆ మాట ఎవరు విన్నారు? పేర్లు బయటపెట్టం. నోటుబుక్కు కాగితం మీద రాసినా చాలు, పత్రిక చిరునామాకు పంపండి. జిల్లాలవారీగా జాబితా కట్టి వెట్టి చట్టం కింద కలెక్టర్ల ముందు పెడదాం.